మా బాపు తువ్వాల మీది ఎర్ర గుర్తు

ఆ రోజుల్లో నాకు కోపం రావడానికి ప్రత్యేకంగా కారణం అక్కర్లేదు, ఎదురుగా కంప్యూటరు ఉంటే చాలు. ఇప్పుడేమైనా తగ్గిందా అని మా ఆఫీసులో ఎవరినైనా అడిగి చూడండి, తల దించుకుంటారు. కానీ ఇప్పటి కోపానికి కాస్త పద్ధతి ఉంది. ఎవరి మీద, ఎందుకు, ఎంతసేపు అని ముందే అనుకుని కోప్పడతాను. అప్పటిది అలా కాదు. ఇంజినీరింగు పట్టా చేతికొచ్చిన కొత్తలో, మేడిపల్లి నుంచి జగిత్యాలకు రోజూ బస్సులో ఉద్యోగానికి వెళ్లే రోజుల్లో, పొద్దున సీటు దొరక్క మొదలైన కోపం సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విడిచేదాకా వదిలేది కాదు. (ఆ చెప్పులు కూడా కోపంగానే విడిచేదాన్ని. ఒకటి గడప దగ్గరుంటే రెండోది జామచెట్టు కింద దొరికేది.) అయితే ఇప్పుడు చెప్పబోయే కోపాన్ని మాత్రం వాటితో కలపకండి. ఇది న్యాయమైన కోపం. ఇన్నేళ్ల తర్వాత కూడా దీని మీద ఎవరితోనైనా వాదించడానికి నేను సిద్ధం.

ఉద్యోగం అంటే అద్దాల మేడ, మెడలో కార్డు అనుకునేరు. టవర్ సర్కిల్ దగ్గర చెప్పుల దుకాణం మీద రెండు గదులు, నాలుగు కంప్యూటర్లు, గాలి రాని ఒక ఫ్యాను. వీటన్నిటికీ యజమాని మా సారు. ఆయన్ని చాటుగా అందరం డబుల్ సార్ అనేవాళ్లం. ఏ మాటైనా రెండుసార్లు అంటే గాని ఆయనకు తృప్తి ఉండదు. "తిన్నవా అమ్మా, తిన్నవా?" "కరెంటు వోయిందా, వోయిందా?" మాటలతో ఆగినా బాగుండేది, పనులు కూడా రెండుసార్లే. ఆఫీసుకు తాళం వేసి మెట్లన్నీ దిగి, మళ్లీ ఎక్కి వచ్చి తాళం లాగి చూసేవాడు. మెయిల్ పంపి, ఎందుకైనా మంచిదని అదే మెయిల్ ఇంకోసారి పంపేవాడు. మనిషి మాత్రం చెడ్డవాడు కాదు. అదే నాకు పెద్ద ఇబ్బంది, చెడ్డవాడైతే తిట్టుకోవడం ఎంత సులువు!

మాకు సిరిసిల్ల నుంచి ఒక పని వచ్చింది. అక్కడ మరమగ్గాలను సాంచాలంటారు, వాటిని నడిపే యజమానిని ఆసామి అంటారు. మా దగ్గరకొచ్చిన ఆసామి తువ్వాలలు నేయిస్తాడు. పెళ్లికో, కొత్తింటికో, రిటైర్మెంటుకో వచ్చిన చుట్టాలకు మా దిక్కు తువ్వాలలు కప్పుతారు కదా, వాటి అంచు మీద పేర్లూ మాటలూ నేయించుకునే సరదా అప్పుడప్పుడే మొదలైంది. ఎవరైనా ఫోనులో తమకు కావలసిన మాటలు టైపు చేసి పంపితే, అవి సాంచకు అర్థమయ్యే డిజైనుగా మారిపోయే ప్రోగ్రాము కావాలన్నాడు ఆసామి. రాసింది నేను. చెమటలు కక్కుతూ, ఫ్యానును తిడుతూ, మొత్తం నేనే రాశాను. (ఒక్క చోట తప్ప. ఆ ఒక్క చోటుకే వస్తున్నాను.)

కంప్యూటరు సంగతి తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి, ఓపిక పట్టండి. మనం టైపు చేస్తూ ఎంటర్ నొక్కితే మాట కింది వరుసలోకి దిగుతుంది. మనకు కనిపించేది అంతే. కంప్యూటరుకు మాత్రం ఆ దిగడం కూడా ఒక అక్షరమే, కాకపోతే కంటికి కనిపించని అక్షరం. మా ఫైలులో ఒక ఆర్డరు మొత్తం ఒకే వరుసలో ఉండాలి, కాబట్టి ఆ కనిపించని అక్షరానికి ఒక వేషం వేసి పంపాలి. ఒక వాలుగీత, పక్కన ఇంగ్లిషు ఎన్: \n. అవతల సాంచ దగ్గరి కంప్యూటరు ఆ వేషం తీసేసి, మళ్లీ మాటను కింది వరుసలోకి దింపుతుంది. మూట కట్టేటప్పుడు ముడి వేస్తాం, చేరాక విప్పుతాం. ఒక ముడి, ఒక విప్పుడు. ఇందులో చిన్నపిల్లలకు అర్థం కానిది ఏముందో చెప్పండి!

డబుల్ సార్‌కు అర్థం కాలేదు. నేను వేసిన ముడి మీద ఆయన ఇంకో ముడి వేశాడు. అంటే నా వాలుగీత ముందు ఇంకో వాలుగీత తగిలించే పని ఒకటి, నాకు చెప్పకుండా, నా ప్రోగ్రాము మధ్యలో దూర్చాడు. రెండు ముళ్లు వేసి ఒకటే విప్పితే ఏమవుతుంది? రెండోది మిగిలిపోతుంది. కింది వరుసకు దిగాల్సిన చోట వాలుగీతా, ఎన్నూ ఉన్నవి ఉన్నట్టుగా అక్షరాల్లో కలిసి నిలబడతాయి. నేను చూసి అగ్గి మీద గుగ్గిలమయ్యాను. "సార్, ఒక్కసారి చాలు!" అన్నాను. "ఉండనియ్యమ్మా. మొన్న ఎవలో పేర్ల కొటేషను గుర్తు కొడితె ప్రోగ్రామే ఆగిపాయె. జాగ్రత్త మంచిది, జాగ్రత్త మంచిది," అన్నాడు. "అది వేరు, ఇది వేరు సార్!" అని బల్ల గుద్దాను. బల్ల మీది టీ ఒలికింది. "సరె, తీసేస్తనమ్మా, తీసేస్త," అన్నాడు. రెండుసార్లు అన్నాడు కాబట్టి తీసేసి ఉంటాడని నమ్మాను. ఆ తర్వాత వచ్చిన ఆర్డర్లన్నీ ఒక్క వరుసవే. వధూవరుల పేర్లు, శుభం, మీ రాకకు ధన్యవాదాలు. ఎవరూ ఎంటర్ నొక్కలేదు, కాబట్టి ఏ తప్పూ బయటపడలేదు.

మొదటిసారి ఎంటర్ నొక్కినవాడు మా బాపు.

మా బాపు బస్సు కండక్టరు. తాత తాళ్లెక్కి కల్లు గీసేవాడు, బాపు బస్సెక్కి టికెట్లు కొట్టాడు. కోరుట్ల నుంచి వేములవాడ మీదుగా సిరిసిల్ల పోయే బస్సులో ఆయన గొంతు వినని ఊరు లేదు. బస్సు ఆగీ ఆగకముందే కింది జనం మీద పడతారు కదా, అప్పుడు ఫుట్‌బోర్డు మీద నిలబడి అరిచేవాడు: "దిగేటోళ్లను దిగనియ్యుండ్రి!" ఆ కోపమే నాకు వచ్చిందని మా అవ్వ అంటుంది. (మా వైపు కన్నతల్లిని అవ్వ అంటాం, ముసలమ్మ అనుకునేరు.) రిటైర్మెంటు దగ్గర పడ్డాక బాపు ఒకరోజు నన్ను పిలిచి, తన తువ్వాలల మీద ఏం నేయించాలో చెప్పాడు. పైవరుసలో "దిగేటోళ్లను దిగనియ్యుండ్రి". కింది వరుసలో "ఇగ నేను దిగుతున్న". కోపం తప్ప ఇంకోటి వస్తే ఏం చేయాలో తెలియని రోజులు, అందుకని "సరే, సరే" అని విసుక్కున్నాను. "రెండు లైన్లల్నే రావాలె బిడ్డా. మొదటిది డ్యూటీల ఉన్నప్పటిది, రెండోది దిగినంక. నడుమ జెర ఆగాలె. ఒక్కతానే కలిపి రాస్తె లొల్లి లెక్క ఉంటది," అన్నాడు. ఫోనులో తనే టైపు చేశాడు, నడుమ ఎంటర్ కూడా తనే నొక్కాడు.

ఆ తువ్వాలల మీద బాపు ఇంత పట్టుదలగా ఉండడానికి కారణం మా మామ. అంటే బాపు అక్క మొగుడు, మా ఇంటి పెద్దల్లుడు, గొల్లపల్లిలో ఉంటాడు. ఎవరినైనా ఎక్కిరించకపోతే ఆయనకు తిన్నది అరగదు. బాపు ఇల్లు కడితే "దర్వాజ బస్సు డోరు లెక్కున్నది బామ్మర్దీ" అన్నాడు. నాకు ఇంజినీరింగులో సీటొస్తే "మిషన్లు బాగు జేస్తదా?" అన్నాడు. ఏ కార్యమైనా మొదటి తువ్వాల పడాల్సింది ఆ పెద్దల్లుడి భుజం మీదే. అది ఆయన భుజం మీద నిలిస్తే అందరూ సంతోషంగా కప్పించుకుంటారు. తీసి కుర్చీకి వేశాడంటే మాత్రం పరువు పోయినట్టే, ఏళ్ల తరబడి ఆ ముచ్చటే చెప్పుకుంటారు. "గీసారి బావ నోట్లకెళ్లి మాట రావద్దు," అన్నాడు బాపు. ఆయన సర్వీసంతా ఒక ఎత్తు, మామ నోరు మూయించడం ఒక ఎత్తు.

ఆఖరి డ్యూటీ రోజున సిరిసిల్ల బస్టాండుకు ఆసామి స్వయంగా వచ్చి, తువ్వాలల మూట బస్సులో పెట్టి, "కండక్టర్ సాబ్, మీ గుర్తుకు నా దిక్కుకెళ్లి రంగేపిచ్చిన, సూసుకోండ్రి," అన్నాడట. బాపుకు అర్థం కాలేదు గాని, గౌరవంగా అన్నాడు కదా అని గౌరవంగా తల ఊపాడు. మూటను తన సీటు మీద పెట్టుకుని, తాను నిలబడి కోరుట్ల దాకా వచ్చాడు. తెల్లారితే ఫంక్షను. ఇంటికొచ్చి అవ్వ, మామకంటే ముందే వచ్చిన మా అత్త, నేను చూస్తుండగా మూట విప్పాడు.

తెల్లటి తువ్వాల, లేత నీలం అక్షరాలు. రెండు వరుసల్లో రావాల్సిన మాటలు ఒకటే వరుసలో, ఫుట్‌బోర్డు మీది జనంలా ఇరుక్కుని ఉన్నాయి. నడుమ వాలుగీత, పక్కన ఎన్. అంతటితో ఆగినా బతికిపోయేదాన్ని. ఆ రెండూ మాత్రం ఎర్రగా, నిప్పులాంటి ఎర్రటి దారంతో, మిగతా అక్షరాలకంటే లావుగా మెరుస్తున్నాయి.

"గిదేందే?" అన్నాడు బాపు.

నేను ఆసామికి ఫోను కొట్టాను. ఆయన ఎంత సంబరంగా చెప్పాడో! ఎవరి సరుకు వాళ్లదని తెలియడానికి అంచున ఒక గుర్తు రంగు దారంతో నేయించడం ఆయన దగ్గర అలవాటు. మా డిజైనులో నడుమ వింత గుర్తు చూసి, అది కండక్టరు సాబ్ గుర్తే అనుకున్నాడు. "సన్నగ ఉన్నది, కనవడుతలేదు మేడమ్. పెద్దమనిషి గుర్తాయె, గట్లెట్ల ఇడిశిపెడుత? లావు జేపిచ్చి, మంచి ఎర్రదారం వెట్టిచ్చిన. ఎన్నిసార్లు ఉతికినా పోదు." ఆయన్ని తిట్టడానికి లేదు, ప్రేమతో చేశాడు. ఫోను పెట్టేసి డబుల్ సార్‌కు కొట్టాను. "సార్, ఆ రెండోది తీసేశారా?" "తీసేద్దామనే అనుకున్ననమ్మా, అనుకున్న." నేనేం అన్నానో ఇక్కడ రాయను. పక్కింటి వాళ్లు కిటికీ మూసుకున్నారని మాత్రం చెబుతాను.

బాపు నన్ను కూర్చోబెట్టి, జరిగింది చెప్పమన్నాడు. ముడి, విప్పుడు, వేషం, అన్నీ చెప్పాను, అరుస్తూనే చెప్పాను. ఆయన తువ్వాల వంక చూసి, "అంటె కింది లైన్లకు దిగేదాన్ని మీ సారు దిగనియ్యలే," అన్నాడు. ఆ తర్వాత ఆయన అరిచిన అరుపుకు వాకిట్లో టెంటు కడుతున్నవాళ్లు తాళ్లు వదిలేశారు. సారునూ, ఆసామినీ, కంప్యూటరు కనిపెట్టినవాణ్నీ, అందరినీ కలిపి కడిగేశాడు. నన్నొక్కదాన్నే ఏమీ అనలేదు. తిడితే బాగుండుననిపించింది. తిరిగి అరవడానికి నా దగ్గర చాలా మాటలు సిద్ధంగా ఉన్నాయి, అన్నీ దండగయ్యాయి.

చివరికి అవ్వ ఒక ఉపాయం చెప్పింది. "ఎర్రది లోపటికి వోయేటట్టు మడత వెట్టుండ్రి. భుజం మీద ఏసినంక ఎవలు ఇప్పి సూస్తరు?" ఆ సాయంత్రమంతా ఇంటిల్లిపాదీ తువ్వాలలు మడతపెట్టాం. అత్త కూడా పెట్టింది. అత్త ఎంత మంచిదంటే, ఆమె కడుపులో ఏదీ దాగదు. పొద్దున మామ గొల్లపల్లి నుంచి బండి దిగేసరికి ఆయన మొహంలో పండుగ కనిపించింది. అత్త రాత్రే ఫోను చేసిందన్నమాట.

ఫంక్షను మొదలైంది. డిపో వాళ్లు దండలు వేశారు, మైకులో పొగిడారు. డబుల్ సార్ కూడా వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు, బాపు ఎప్పుడో పిలిచాడట. (నేను ఆయన వైపు చూసిన చూపుకు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. రెండుసార్లు.) బాపు మొదటి తువ్వాల తీసి మామ భుజం మీద వేశాడు. మామ దండం పెట్టి, తువ్వాలను మెల్లగా భుజం మీద నుంచి తీశాడు. బాపు మొహం తెల్లబోయింది. మామ మడతలు ఒక్కొక్కటే విప్పి, రెండు చేతులతో జనానికి చూపించి, మైకు దగ్గరకెళ్లి చదివాడు.

"దిగేటోళ్లను దిగనియ్యుండ్రి... గీత... ఎన్ను... ఇగ నేను దిగుతున్న. బామ్మర్దీ, అంత మంచిగనే ఉన్నది గని, నడుమ గీ ఎర్రగ నిలవడ్డదెవలు? అందరు దిగుతాండ్రు, గిదొక్కటి దిగుతలేదేంది? టికెట్ తీస్కోలేదా?"

టెంటంతా గొల్లుమంది. డ్రైవర్లు నవ్వారు, వంటవాళ్లు నవ్వారు, దండలు వేసిన పెద్దమనిషి కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. నాకు భూమిలోకి పోవాలనిపించింది, పోయేముందు ఎవరినైనా కొట్టి పోవాలనిపించింది. అప్పుడు బాపు మైకు గుంజుకున్నాడు. ఆయనకు మైకు అవసరమే లేదు, ఆ గొంతు కోరుట్ల దాకా వినిపిస్తుంది.

"నవ్వుండ్రి బావా, నవ్వుండ్రి! గది నా బిడ్డ జేసిన ప్రోగ్రాములకెళ్లి అచ్చింది. తప్పే అచ్చింది, ఎవ్వలు కాదన్నరు? కొత్త సర్వీసు, మొదటి ట్రిప్పు! నా మొదటి ట్రిప్పుల నేను సిరిసిల్ల బస్సుల కూసొని ధర్మపురికి టికెట్లు కొట్టిన. ఇన్నేండ్లు నౌకరి చెయ్యలేదా నేను? మీ ఇండ్లల్ల తువ్వాలల మీద ఏమున్నది? దుకాణపోని పేరున్నది. నా తువ్వాల మీద నా బిడ్డ పనితనమున్నది. కప్పుకునేటోళ్లు కప్పుకోండ్రి. నవ్వేటోళ్లు ఎవలన్న ఉంటె చెప్పుండ్రి, బస్సు ఇక్కడ్నే ఆపుత, దిగుండ్రి!"

నవ్విన డ్రైవర్లు కుర్చీల్లో సర్దుకుని కూర్చున్నారు. అక్కడితో ఆగిపోయి ఉంటే ఎంత అందంగా ఉండేది! కానీ నేనున్నాను కదా. ఆయన నన్ను వెనకేసుకొచ్చినందుకు కళ్లలో నీళ్లు తిరగాల్సింది పోయి, తప్పు నాదని ఊరందరి ముందు ఒప్పుకున్నందుకు నా ఒళ్లు మండింది. నేను వెళ్లి బాపు చేతిలో మైకు గుంజుకున్నాను. "బాపూ, అది నా తప్పు కాదు! నేను ఒక్కసారే పెట్టిన! రెండోది మా సారు పెట్టిండు! అది ఎస్కేప్ సీక్వెన్స్! రెండుసార్లు ఎస్కేప్ చేస్తె ఒక్కసారే విప్పుతది..." అని ఆకలితో ఉన్న జనానికి మొదటినుంచి పాఠం మొదలుపెట్టాను. కంటికి కనిపించని అక్షరం దగ్గరికి వచ్చేసరికి వెనకనుంచి వంటాయన కేకేశాడు. "చెల్లే, మటన్ సల్లారుతాంది!" ముందు వరుసలో డబుల్ సార్ తన భుజం మీద అప్పుడే ఎవరో వేసిన తువ్వాలను విప్పి, ఎర్ర గుర్తును వేలితో తడిమి, ఎంతో మెచ్చుకోలుగా అన్నాడు. "బాగ అచ్చిందమ్మా, బాగ అచ్చింది."

ముందుగా నవ్వింది బాపు. ఆయన నవ్వాక ఇంక అందరూ నవ్వారు, కాని ఈసారి నవ్వు వేరు. మామ తువ్వాలను దులిపి, ఎర్ర గుర్తు పైకి కనిపించేటట్టు భుజం మీద వేసుకుని, "నేనైతె దిగ. బువ్వ వెట్టకుంట దిగుమంటవేంది బామ్మర్దీ?" అని పోయి పంక్తిలో కూర్చున్నాడు. ఆయన వెనకే అందరూ కప్పించుకున్నారు. నేను మాత్రం మటన్ తినలేదు. కోపం. (తర్వాత, అందరూ పోయాక, తిన్నాను.)

ఆ తర్వాత ఆ ఉద్యోగం మానేశాను, జగిత్యాలలోనే సొంతంగా ఆఫీసు పెట్టుకున్నాను. సిరిసిల్ల ఆసామి ఇప్పుడు నాకు కస్టమరు. నా దగ్గర పనిచేసే పిల్లలు ఎవరైనా ప్రోగ్రాములో ఒకే ముడి రెండుసార్లు వేస్తే ఇంతెత్తున లేస్తాను. వాళ్లు భయపడి ఆ రోజుకు టీ కూడా అడగరు. బాపు తువ్వాల మాత్రం రోజూ భుజం మీదే ఉంటుంది. ఎండకూ ఉతుకుడుకూ నీలం అక్షరాలు ఎప్పుడో వెలిసిపోయాయి. దిగేవాళ్లూ లేరు, దిగనిచ్చేవాళ్లూ లేరు. ఆసామి మాట తప్పలేదు, ఎర్ర గుర్తు ఒక్కటీ అలాగే ఉంది. బస్టాండులో ఎవరైనా అదేంటని అడిగితే, "నా బిడ్డది," అంటాడట. అడిగినవాళ్లకు ఏం అర్థమవుతుందో నాకు తెలియదు.

మొన్న మామ ఫోను చేశాడు. "కోడలా, నా తువ్వాల శినిగింది. గసొంటిదే ఇంకోటి నేపియ్యి."

"నేపిస్త మామా. ఈసారి మంచిగ రెండు లైన్లల్ల వస్తది," అన్నాను.

"నడుమ గా ఎర్రది?"

"అది రాదు మామా. అది తప్పు గదా, తీసేసిన."

"తీసేస్తె నాకద్దు పో!" అని కసిరాడు. "గదుంటెనే తువ్వాల, లేకుంటె బజార్ల దొరుకుతలేవా?"

నాకు ఒళ్లు మండింది. టెంటు కింద అందరి ముందు ఎక్కిరించింది ఈ మనిషి కాదూ! అయినా ఫోను పెట్టేసి కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఇప్పటి నా ప్రోగ్రాములో తప్పు లేదు. \n అని రాస్తే బుద్ధిగా కింది వరుసకు దిగుతుంది, గుర్తుగా మిగలమంటే మిగలదు. అది తువ్వాల మీద నిలబడాలంటే దారి ఒక్కటే, ముందు ఇంకో వాలుగీత పెట్టాలి. ఆ ఒక్క పని చేయకూడదని నేను ఎంతమంది మీద అరిచానో! చుట్టూ చూశాను, పిల్లలెవరూ నావైపు చూడడం లేదు. ఒక వాలుగీత కొట్టాను. ఆగి, దాని పక్కన ఇంకోటి కొట్టాను. "జాగ్రత్త మంచిది," అని నా నోటి నుంచే వచ్చింది. ఒక్కసారే అందామనుకున్నాను. రెండుసార్లు అన్నాను.